మర జాయింట్లకు టేపు, పేస్టు, జిగురు: ఏది ఎక్కడ, ఎంత

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. గుంటూరు బ్రాడీపేటలోని మీ రెండంతస్తుల ఇంటికి కొత్తగా సీపీవీసీ (వేడినీటిని తట్టుకునే ప్లాస్టిక్) లైన్లు వేయించారు, డాబా మీది ట్యాంకు కింద మాత్రం పాత జీఐ (జస్తా, అంటే జింక్ పూత పూసిన ఇనుప) పైపులే ఉంచారు. ఇప్పుడు మూడు చోట్ల నీరు కారుతోంది. ట్యాంకు కింది జీఐ ఎల్బో దగ్గర ఎప్పుడూ చెమ్మగా ఉంటోంది, సోలార్ హీటరు నుంచి దిగే వేడినీటి లైనులో ఇనుప నిపిల్‌కు (రెండు కొసలా మర ఉన్న పొట్టి పైపు ముక్కకు) తొడిగిన ప్లాస్టిక్ ఎఫ్‌టీఏ (లోపలి మర ఉన్న అడాప్టరు) నిలువునా పగిలింది, వాష్ బేసిన్ కింద కనెక్షన్ పైపు ఎంత టేపు చుట్టినా కారుతూనే ఉంది. ఒక కొట్టులో తెల్లని టెఫ్లాన్ టేపు అన్నారు, మరో కొట్టులో పేస్టు అన్నారు, ఇంకొకరు ఎర్ర సీసాలో వచ్చే ఖరీదైన జిగురు చూపించారు. వీటిలో ఏది మంచిదో చెప్పమన్నారు. అదే సరుకు మీ బావగారి మిర్చి కోల్డ్ స్టోరేజీలో చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాసు లైన్లకు కూడా వాడవచ్చా అని అడిగారు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ముప్పై ఏళ్లకు పైగా పైపు పనులు చేసి, చేయించిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. కొంచెం పొడవుగానే ఉంటుంది, ఎందుకంటే సరుకు పేరు ఒక్కటి చెప్పి వదిలేస్తే మీకు మళ్లీ ఇదే ఇబ్బంది వస్తుంది.

నీటిని ఆపేది ముఖ్యంగా మర, అంటే పైపు కొసన స్క్రూలా కోసిన గాడి. టేపైనా, పేస్టైనా దానికి సాయం చేసేవి మాత్రమే. మీ మూడు లీకుల్లో ఒకటి బిగింపులో జరిగిన లోపం, ఒకటి సరుకు ఎక్కువై వచ్చింది, మరొకటి సరుకే అక్కర్లేని చోట సరుకు వాడటం వల్ల వచ్చింది. మూడింటిలో ఒక్కటి కూడా నాసిరకం టేపు వల్ల వచ్చింది కాదని నా అభిప్రాయం.

మన దగ్గర నీటి పైపులకు కోసే మర 55 డిగ్రీల కోణం గలది. బ్రిటన్‌లో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన రూపం నుంచి అది వచ్చింది. భారతీయ ప్రమాణాల్లో దాన్ని ఐఎస్ 554 కింద చూస్తారు. పైపు మీది మర కొస వైపు సన్నబడుతూ ఉంటుంది, ప్రతి 16 మి.మీ. పొడవుకు వ్యాసం 1 మి.మీ. మారుతుంది. అరంగుళం పైపుకు అంగుళంలో 14 మరలు ఉంటాయి కనుక ఒక పూర్తి చుట్టు తిప్పితే పైపు సుమారు 1.8 మి.మీ. లోపలికి పోతుంది, ఆ ఒక్క చుట్టుకే వ్యాసంలో దాదాపు 0.11 మి.మీ. మేర ఫిట్టింగును ఒత్తుతుంది. గొడ్డలి కామకు కొట్టిన చీల ఎలా బిగుస్తుందో ఇదీ అలాగే బిగుస్తుంది. చేత్తో ఆగేదాకా తిప్పిన తరువాత, అరంగుళం జాయింటులో రెంచీతో తిప్పడానికి ప్రమాణం ఉంచిన చోటు రెండుముప్పావు చుట్లు, అంటే 5 మి.మీ. జాయింటు బలం, బిగువు అన్నీ ఆ 5 మి.మీ.లోనే ఉన్నాయి.

అయితే ఎంత బాగా కోసిన మరలోనైనా, ఒకదాని మొనకూ మరొకదాని గాడికీ మధ్య సన్నని ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మర వెంబడే చుట్టుకుంటూ పైపు లోపలి నుంచి బయటికి మెట్లదారిలా వస్తుంది, నీరు ఆ దారినే నడుస్తుంది. మనం పూసే పదార్థం ఆ దారిని మూస్తుంది. ఇది అందరికీ తెలిసిన పని. చాలామంది పట్టించుకోని పని ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అదే మొదటిది: కందెనగా పనిచేయడం. పొడి లోహం మీద లోహం ఒత్తుకుంటూ తిరిగితే రాపిడికి మొనలు చిరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు రెంచీ బిగుసుకుపోతుంది, మేస్త్రి జాయింటు బిగిసిందనుకుంటాడు, నిజానికి మర సగమే దిగి ఉంటుంది. కందెన ఉంటే అదే బలంతో మర ఇంకో చుట్టు లోపలికి దిగుతుంది. టెఫ్లాన్ టేపు అంత బాగా పనిచేయడానికి కారణం అది జిగురు కావడం కాదు, జారుడు పదార్థం కావడం. దాని అసలు పేరు పీటీఎఫ్‌ఈ. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ శీతలీకరణ వాయువుల మీద పనిచేస్తూ అనుకోకుండా కనుగొన్న పదార్థం అది. దేనికీ అంటుకోకపోవడం దాని గుణం. 260 డిగ్రీల దాకా వేడిని తట్టుకుంటుంది కాబట్టి సోలార్ నీటికి టేపు కరిగిపోతుందేమో అన్న మీ భయానికి ఆధారం లేదు.

మీ ట్యాంకు కింది ఎల్బో వంటిదాన్ని ఒకసారి నేను విజయవాడ పటమటలో ఒక ఇంట్లో విప్పకుండా హాక్సా బ్లేడుతో నిలువునా కోయించి చూశాను. మర మీద రెండు గాడుల్లో మాత్రం చుట్టుకుంటూ వెళ్లిన ఎర్రటి తుప్పు గీత ఉంది, మిగతా గాడులన్నీ మెరుస్తున్నాయి. ఆ గీత నీరు నడిచిన దారి. ఎల్బో మూతి దగ్గర టేపంతా తెల్లని తాడులా ముడివడి బయటికి తోసుకువచ్చి ఉంది. అంటే టేపును వ్యతిరేక దిశలో చుట్టారు, ఫిట్టింగు తిరిగేకొద్దీ అది మర మీద కూర్చోకుండా ఊడి మూతికి చేరింది. దానికి తోడు ఎల్బో ముఖం గోడ వైపుకు సరిగ్గా రాలేదని చివర్లో పావు చుట్టు వెనక్కు తిప్పారని ఆ ఇంటివారు చెప్పారు. మీ మేస్త్రి కూడా అలాగే వెనక్కు తిప్పి సరిచేశాడని మీరే రాశారు. చెమ్మకు కారణం అదే. టేపు, దారం, పేస్టు వాడిన జాయింటును బిగించాక వెనక్కు తిప్పకూడదు. తిప్పితే ఒత్తుకున్న పదార్థం తెగి, మూసుకున్న దారి మళ్లీ తెరుచుకుంటుంది. ముఖం సరిపడకపోతే ముందుకే తిప్పాలి, వీలు కాకపోతే విప్పి, శుభ్రం చేసి, కొత్త టేపుతో మొదటి నుంచి బిగించాలి.

జీఐ పైపుకు టేపు చుట్టే పద్ధతి ఇది. డైతో (మర కోసే పనిముట్టుతో) కోసిన తరువాత మర మీద నూనె, ఇనుప పొట్టు మిగులుతాయి. వైరు బ్రష్‌తో దులిపి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. పైపు మర కొస మీ ముఖానికి ఎదురుగా ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కులో, టేపును కొంచెం సాగదీస్తూ, ప్రతి చుట్టు ముందరి చుట్టు మీద సగం ఎక్కేలా చుట్టాలి. కొసన ఉన్న మొదటి మరను ఖాళీగా వదిలేయాలి, లేకపోతే తెగిన టేపు ముక్కలు లైనులోకి పోయి కుళాయి జాలీలను, ఫ్లష్ ట్యాంకు వాల్వులను అడ్డుకుంటాయి. మన కొట్లలో దొరికే పలుచని తెల్ల టేపు సాధారణంగా 12 మి.మీ. వెడల్పు, 0.075 మి.మీ. మందం ఉంటుంది; అరంగుళానికి, ముప్పావు అంగుళానికి ఆ టేపు నాలుగైదు చుట్లు చాలు. మర గాడి లోతే 1.16 మి.మీ. అయినప్పుడు, ఇరవై చుట్లు చుట్టిన టేపు గాడిలో పట్టదు, మరను మరకు దూరం చేస్తుంది. పాత పైపు మీద మర అరిగిపోయి ఉంటే, టేపు మీద పలుచగా పేస్టు కూడా పూయడం మంచిది. పేస్టు ఎప్పుడూ బయటి మరకే పూయాలి; ఫిట్టింగు లోపల పూస్తే బిగించేటప్పుడు ముద్దంతా లైనులోకి పోతుంది.

పాత మేస్త్రులు వాడిన సఫేదా, నూలు దారం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ పాత జీఐ లైను దాంతోనే బిగించి ఉంటుంది. దారం లేదా జనపనార ఖాళీని నింపుతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది, అవిసె నూనెలో కలిపిన తెల్ల ముద్ద గాలికి గట్టిపడుతుంది. జీఐ నీటి లైనుకు ఆ పద్ధతి దశాబ్దాలు నిలిచింది. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ సఫేదా అనే మాటకు అసలు అర్థం తెల్ల సీసం, అంటే సీసపు కార్బొనేటు. ఎర్రగా ఉండే సింధూరపు ముద్ద కూడా సీసమే. తాగునీటి లైనులో సీసం ఏ రూపంలోనూ ఉండకూడదు. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. డబ్బా మీద తాగునీటికి పనికివస్తుందని, సీసం లేదని స్పష్టంగా రాసి లేని ముద్దను ఇంట్లోకి రానివ్వకండి. దారం వాడేవారు దాన్ని కూడా మర తిరిగే దిక్కులోనే, పలుచగా, మర మీద గరుకు చేసి చుట్టాలి.

ఇక పగిలిన ఎఫ్‌టీఏ. నాకు అన్నిటికంటే బాధ కలిగించే తప్పు ఇది, ఎందుకంటే చేసిన మేస్త్రి జాగ్రత్త కోసమే చేస్తాడు. లోపలి మర ప్లాస్టిక్, దానిలోకి దిగే బయటి మర ఇనుము. పైన చెప్పిన చీల పని ఇక్కడ ప్లాస్టిక్ కప్పును లోపలి నుంచి చీల్చడానికి పనిచేస్తుంది. పది పదిహేను చుట్ల టేపు చుట్టి పైపు రెంచీతో బిగిస్తే, పగులు వెంటనే కనిపించదు. ప్లాస్టిక్ ఆ ఒత్తిడిలోనే ఉండి, వేడినీరు వచ్చినప్పుడల్లా మెత్తబడి, కొన్ని వారాలకో నెలలకో నిలువునా చీలుతుంది. సీపీవీసీ వేడికి ఇనుము కంటే సుమారు అయిదు రెట్లు, ఇత్తడి కంటే మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. మన ఎండాకాలంలో డాబా మీది సోలార్ లైను పగలూ రాత్రీ ఎంత పెరిగి తరుగుతుందో ఊహించండి. అందువల్ల లోహంతో కలిసే ప్రతి చోటా ఇత్తడి మర లోపల పోతపోసిన ఎఫ్‌టీఏ, ఎంటీఏలే (బయటి మర ఉన్న అడాప్టర్లే) వాడాలి. పూర్తి ప్లాస్టిక్ ఎఫ్‌టీఏను ఇనుప నిపిల్ మీద ఎప్పుడూ తొడగకూడదు. ప్లాస్టిక్ మర ఉన్నచోట రెండు మూడు చుట్ల టేపుతో, చేత్తో బిగిసిన తరువాత ఒకటి నుంచి ఒకటిన్నర చుట్టు తిప్పితే సరిపోతుంది. ఇంకో సంగతి. సీపీవీసీ, యూపీవీసీ (చన్నీటికి వాడే గట్టి ప్లాస్టిక్) పైపుల మీద నూనె ఆధారం గల పేస్టులు, గ్రీజు, ఎర్ర సీసా జిగురు వాడవద్దు. ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌ను అవి రసాయనికంగా బలహీనపరచి పగిలేలా చేస్తాయి. తయారీదారు ఫలానా ప్లాస్టిక్‌కు సరిపోతుందని రాసి ఇచ్చిన పేస్టు తప్ప, ప్లాస్టిక్ మరకు టేపే సురక్షితం. పైపులు అతికించే సాల్వెంట్ సిమెంటును మర మీద పూసేవారు కూడా ఉన్నారు, అది కూడా తప్పే. బోరులో దించే యూపీవీసీ కాలమ్ పైపులకు చతురస్రపు మర, లోపల రబ్బరు రింగు ఉంటాయి. అక్కడ నీటిని ఆపేది రింగు కనుక టేపు అక్కర్లేదు. రింగు జారడానికి సబ్బు నీళ్లు చాలు. ఇంజన్ ఆయిలు, గ్రీజు తగిలితే చాలా రకాల రబ్బరు ఉబ్బి చెడిపోతుంది.

వాష్ బేసిన్ కనెక్షన్ పైపు సంగతి చాలా సులువు. దాని నట్టు మర టేపర్ కాదు, మొదటి నుంచి చివరి వరకు ఒకే వ్యాసం. ఇటువంటి మరకు ప్రమాణం వేరు, ఐఎస్ 2643. దీనిలో మర బిగించడానికి మాత్రమే ఉంది. నీటిని ఆపేది నట్టు లోపలి రబ్బరు వాషరు. మీరు చుట్టిన టేపు వాషరు యాంగిల్ వాల్వు మూతి మీద చదునుగా కూర్చోకుండా అడ్డుపడుతోంది. టేపంతా తీసేసి, వాషరు నొక్కుకుపోయి ఉంటే కొత్తది వేసి, చేత్తో బిగించి, స్పానరుతో పావు చుట్టు తిప్పండి. యూనియన్ నట్టుకు, గ్యాస్ రెగ్యులేటరు బిగించే చోటుకు, వాషరు ఉన్న ప్రతి జాయింటుకు ఇదే వర్తిస్తుంది. దిగుమతి చేసిన ప్రెషర్ పంపులకు, మీటర్లకు వచ్చే అమెరికన్ మర 60 డిగ్రీలది. అరంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో అది కూడా అంగుళానికి 14 మరలే కావడంతో మన ఫిట్టింగు దాని మీద ఎక్కినట్టే ఉంటుంది, కానీ ఎంత పేస్టు పూసినా నమ్మకంగా ఆగదు. దానికి సరిపోయే అడాప్టరు కొనాలి.

ఎర్ర సీసా జిగురును ఎనరోబిక్ సీలెంట్ అంటారు. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో వెర్నన్ క్రీబుల్ అనే రసాయన ఆచార్యుడు దీనికి రూపమిచ్చారు, లాక్టైట్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. గాలి తగిలినంతసేపు ద్రవంగానే ఉంటుంది. గాలి అందని సందులో లోహం తాకితే గట్టిపడుతుంది. సీసా సగమే నింపి అమ్ముతారని కొనేవారు కోప్పడుతుంటారు, కానీ లోపలి గాలి లేకపోతే అది సీసాలోనే గడ్డకడుతుంది. కంపించే యంత్రాల లైన్లకు, కంప్రెసరు దగ్గరి జాయింట్లకు, టేపు ముక్క పడితే వాల్వు చెడిపోయే హైడ్రాలిక్, గాలి లైన్లకు ఇది చాలా మంచిది, అక్కడ నేను టేపును అసలు అనుమతించను. కానీ మీ ఇంటికి దాని అవసరం లేదు. జస్తా పూత మీదా, స్టెయిన్‌లెస్ స్టీలు మీదా అది నెమ్మదిగా గట్టిపడుతుంది, మర మీద నూనె ఉంటే సరిగా పట్టదు, పూర్తి బలానికి సుమారు 24 గంటలు ఆగాలి, తరువాత విప్పాలంటే వేడి చేయాలి. డాబా మీది ట్యాంకు నుంచి పది మీటర్ల కిందికి వచ్చేసరికి నీటి పీడనం ఒక బార్ మాత్రమే. అంత తక్కువ పీడనానికి, సరిగ్గా కోసిన మర, నాలుగైదు చుట్ల టేపు ధారాళంగా సరిపోతాయి. లీకు అయిన జాయింటు పైన పులిమే ఎపాక్సీ ముద్దను మాత్రం తాత్కాలిక కట్టుగానే చూడండి, అది మర లోపలికి పోదు. ఒకవేళ స్టెయిన్‌లెస్ ఫిట్టింగులు వాడితే, వాటిని పొడిగా ఎప్పుడూ బిగించకండి. వాటి మీది రక్షణ పొర రాపిడికి చిరిగి, లోపలి లోహం అక్కడికక్కడే అతుక్కుపోతుంది, ఆ తరువాత కోయడం తప్ప దారి ఉండదు.

మీ బావగారి అమ్మోనియా లైన్ల విషయంలో నా సమాధానం గట్టిగా ఉంటుంది: ఇంటికి తెచ్చిన సరుకును అక్కడికి తీసుకువెళ్లకండి. బయట 40 డిగ్రీల వేడి ఉన్నప్పుడు కండెన్సరు వైపు అమ్మోనియా పీడనం సుమారు 15 బార్లు ఉంటుంది, జాయింటు వదిలితే వచ్చేది నీరు కాదు, ఊపిరి ఆడనివ్వని వాయువు. పీడనానికంటే ముందు చూడవలసింది రాగి. గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో గేజి జాయింటు మర పట్టేయకుండా ఎవరో రాగిపొడి కలిసిన గోధుమరంగు పేస్టు పూశారు. నేను చూసేసరికి మర చుట్టూ ముదురు నీలం రంగు తడి కట్టి ఉంది. అమ్మోనియా, గాలి, చెమ్మ కలిసి రాగిని కరిగిస్తే వచ్చే రంగు అది. ఇత్తడికి అయితే ఇంకా ప్రమాదం, ఒత్తిడిలో ఉన్న ఇత్తడిని అమ్మోనియా పగలగొడుతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వచేసిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో పరిశోధకులు తేల్చారు. అందువల్ల అమ్మోనియా ప్లాంటులో రాగి, ఇత్తడి కలిసిన ఫిట్టింగు గాని, పేస్టు గాని ఉండకూడదు. పూర్వం ఆ జాయింట్లకు మృదారశింగి పొడిని గ్లిజరిన్‌లో కలిపి పూసేవారు, అది రాయిలా గట్టిపడేది. కానీ అది కూడా సీసపు ఆక్సైడే, ఆ జాయింటును మళ్లీ విప్పడమూ కష్టమే. ఇప్పుడు పెద్ద లైన్లన్నీ వెల్డింగుతోనే చేస్తారు. గేజీలు, చిన్న వాల్వుల వంటి కొద్ది చోట్ల మిగిలిన మరలకు పీటీఎఫ్‌ఈ టేపు గాని, తయారీదారు తన పత్రంలో అమ్మోనియా పేరు స్పష్టంగా రాసిన సీలెంటు గాని వాడాలి. ఆ పని లైనులో గ్యాసు ఖాళీ చేయించి, ఆ ప్లాంటు ఇంజనీరు పర్యవేక్షణలోనే జరగాలి. ఇదే జాగ్రత్త ఇంకో రెండు వాయువులకు వర్తిస్తుంది. ఆక్సిజన్ లైనుకు నూనె, గ్రీజు ఏమాత్రం తగలకూడదు, దానంతటదే మండుతుంది. ఎసిటిలీన్‌కు రాగి తగలకూడదు, పేలే పదార్థం తయారవుతుంది. వంటింటికి పైపులో వచ్చే గ్యాసు జాయింట్లను సరఫరా సంస్థ మనుషులే ముట్టుకోవాలి, మీరు చేయదగినది సబ్బు నురగతో బుడగలు వస్తున్నాయేమో చూడటం వరకే. అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకండి.

మీ ఇంటి పనికి ఈ క్రమం పాటించండి. ముందు వాష్ బేసిన్ నట్టు. పది నిమిషాల పని. తరువాత పగిలిన ఎఫ్‌టీఏను కోసి తీసేసి, ఇత్తడి మర ఉన్నది వేయించండి, సాల్వెంట్ సిమెంటు ఆరడానికి డబ్బా మీద రాసినంత సమయం ఇచ్చాకే వేడినీరు వదలండి. చివరగా ట్యాంకు ఖాళీ చేసి ఎల్బోను విప్పించండి. మేస్త్రి చుట్టబోయే టేపు దిక్కును మీరు దగ్గర నిలబడి చూడండి, వెనక్కు తిప్పవద్దని ముందే చెప్పండి. డై కోసినచోట జస్తా పూత పోతుంది కనుక జాయింటు బయట మిగిలిన మర మీద జింక్ పెయింటు పూయించాలి, కానీ ఆ రోజే కాదు. సాయంత్రం ట్యాంకు నింపి, ఎల్బోను పొడిగుడ్డతో తుడిచి, దాని చుట్టూ ఒక పాత పేపరు ముక్క చుట్టి దారంతో కట్టండి. తెల్లవారాక విప్పి చూస్తే, ఎక్కడైనా చెమ్మ ఉంటే పేపరు మీద మచ్చగా కనిపిస్తుంది. మచ్చ లేకపోతే అప్పుడు పెయింటు వేయించండి.